తనిఖీ రోజు వచ్చిన పేషెంటు

ప్రొద్దుటూరులో సైకాలజీ అంటే ఎదుటివాడి మనసులో మాట పట్టేసే విద్య అని నమ్మేవాళ్ళే ఎక్కువ. మా గురురాజారావు బంగారు అంగళ్ళ వీధిలో నడిచిపోతుంటే ఎవరో ఒకరు ఆపి, "సార్, ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు సూద్దాం" అని అడగాల్సిందే. "నాకు టీ తాపియ్యాలని ఉంది" అనేవాడు ఆయన. టీ వచ్చేది. అట్లా ఊరివాళ్ళ టీ చాలానే తాగాడు మనిషి.

ఇప్పుడు ఆ మాట అడిగితే నవ్వడు. "నాకేం తెలుస్తుందప్పా" అని తల వంచుకుని పోతాడు. పెద్దవాడయ్యేకొద్దీ గర్వం పెరిగిందని ఊరంటుంది. గర్వం కాదు. చేసిన తప్పు ఆయన్ను లోపల తినేస్తోంది. అదేమిటో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

నా పేరు షాకీర్. ఆయన సైకాలజీ చెప్పే ప్రైవేటు కాలేజీలోనే నేను కామర్స్ చెబుతాను. స్టాఫ్ రూములో మా కుర్చీలు పక్కపక్కన. ఆయన డబ్బాలో పులిహోర, నా డబ్బాలో ఖుష్కా ఉన్న రోజు డబ్బాలు మార్చుకునేంత స్నేహం మాది.

ఆయన జమ్మలమడుగులో ఒక చిన్న ఆంజనేయస్వామి గుడి అర్చకుడి కొడుకు. తీర్థం పుచ్చుకున్నాక జనం గడప దగ్గర కూలబడి వాళ్ళ నాయనకు కష్టాలు చెప్పుకునేవాళ్ళట. పక్కనే కూర్చుని వినీ వినీ ఈయనకు వినడం ఒక అలవాటైపోయింది. అందుకే తర్వాత దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. కట్టాడు. నిజంగా బాగా వింటాడు. మధ్యలో అడ్డం రాడు, సెల్లు చూసుకోడు. ఊరివాళ్ళు "డాక్టరు సారు" అని పిలవడం మొదలుపెట్టినప్పుడు "డాక్టర్ను కాదప్పా, పాఠం చెప్పేవాణ్ణి" అని దిద్దేవాడు. ఎంతమందినని దిద్దుతాడు? కొన్నాళ్ళకు మానేశాడు. మీనాక్షమ్మ, అంటే ఆయన భార్య, ఒకసారి నా ముందే అడిగింది. "ఏమండీ, మీరు డాక్టరు కాదు కదా, పిలిస్తే ఎందుకు పలుకుతారు?" అని. ఆయన పులిహోర బాగుందని చెప్పి మాట మార్చాడు.

కొన్నేళ్ళ కింద మా కరస్పాండెంటు సైకాలజీలో ఎమ్మెస్సీ తెచ్చాడు. "చదివిన వెంటనే సొంత క్లినిక్" అని బస్టాండులో ఫ్లెక్సీ కట్టించాడు. అది పచ్చి అబద్ధం. ఈ చదువు సంగతి వేరు. రోగులను చూడాలంటే ఢిల్లీలోని కౌన్సిల్ ఒప్పుకున్న కోర్సు, ఒప్పుకున్న చోట, ఆసుపత్రిలో రోగుల మధ్య శిక్షణతో పూర్తి చేయాలి. అప్పుడు మనిషికి రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తారు. అదే లైసెన్సు. తనిఖీ కమిటీ కాలేజీకి ఇచ్చే గ్రేడు వేరు, మనిషికి వచ్చే లైసెన్సు వేరు. డిపోకు మంచి పేరు వచ్చిందని అందులో పనిచేసేవాళ్ళంతా డ్రైవర్లైపోరు కదా. గురురాజారావుకు ఆ నంబరు లేదు. మా కోర్సుకు ఆ గుర్తింపూ లేదు.

మొదటి బ్యాచిలో నందిని అనే పిల్ల చేరింది. జమ్మలమడుగు అవతల, గండికోట దారిలో పల్లె. నాన్న గంగులయ్య గొర్రెలు మేపుతాడు, కొంచెం సేద్యం ఉంది. క్లాసులో మొదటి రోజే లేచి నిలబడి అడిగింది.

"సార్, ఈ కోర్సు చేస్తే లైసెన్సు వస్తాదా?"

"ముందు మన కాలేజీకి గ్రేడు రానీమ్మా. దాని ఎనక అన్నీ వస్తాయి" అన్నాడు గురురాజారావు. ఆ జవాబు తప్పని తెలిసే చెప్పాడు. లేదని చెబితే సగం బెంచీలు ఖాళీ అవుతాయి, బెంచీలు ఖాళీ అయితే తన ఉద్యోగమూ పోతుంది.

గ్రేడు ఇచ్చే కమిటీ ఆ ఏడే వచ్చింది. మా వైపు కాలేజీల్లో తనిఖీ అంటే పెళ్ళివారి రాకే. నర్సరీ నుంచి పూల కుండీలు అద్దెకొస్తాయి. పులివెందులలో మా కరస్పాండెంటుకే ఇంకో కాలేజీ ఉంది, అక్కడి పుస్తకాలు ముద్రలతో సహా లారీలో వచ్చి మా లైబ్రరీలో కూర్చున్నాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. కౌన్సెలింగ్ సెంటరు ఉందని ముందే రాసి పంపారు కాబట్టి, స్పోర్ట్స్ సామాన్లు పడేసే గదికి సున్నం కొట్టి, ఇంగ్లీషు చెప్పే ఖైరున్నీసా మేడం ఇంటి సోఫా తెచ్చి వేశారు. గది వచ్చింది, సోఫా వచ్చింది. అందులో కూర్చోవడానికి పేషెంట్లు కావాలి.

"ఒక్కో స్టూడెంటు ఒక్కో మనిషిని పిల్చుకొని రావాల" అని కరస్పాండెంటు ఆజ్ఞ. పిల్లలు అత్తలను, మేనమామలను, పక్కింటి ముసలమ్మలను ఒప్పించారు. దిగులుగా కూర్చోవడమే పని, మధ్యాహ్నం భోజనం ఉంటుంది.

నందిని వాళ్ళ అన్న సురేంద్రను తెస్తానంది. ముందు రోజు గురురాజారావును పక్కకు పిలిచి చెప్పింది.

"సార్, మా యన్నకు నిజంగానే బాగలేదు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని ఇడిసిపెట్టి వచ్చినాడు. నిద్రపోడు, ఎవురితో మాట్లాడడు. మీరు జూస్తారని తోలుకొని వస్తాండా."

"మంచిదేనమ్మా. సహజంగా ఉంటాది" అన్నాడట ఈయన.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆయన ఇప్పటికీ నమ్మలేడు. వందసార్లు తలుచుకుని ఉంటాడు. ఆ పొద్దు ఆయన తలలో సోఫా, కర్టెన్లు, కమిటీ తప్ప మనిషి లేడు.

కమిటీ వచ్చింది. అందులో ఉత్తరాది ప్రొఫెసరు ఒకామె, పెద్దావిడ, తెలుగు రాదు. కౌన్సెలింగ్ గదిలోకి వచ్చి సోఫాలో ఉన్న సురేంద్ర ఎదురుగా కూర్చుంది. ఇక్కడికి రావడం వల్ల మీకేమైనా మేలు జరిగిందా అని ఇంగ్లీషులో అడిగింది. గురురాజారావు దాన్ని తెలుగులో చెప్పాడు. తక్కినవాళ్ళకైతే ఏం చెప్పాలో నేర్పించి పెట్టారు. సురేంద్ర వచ్చింది నటించడానికి కాదు. ఆ అబ్బాయి ఆమె కళ్ళలోకి చూసి, ఎన్నాళ్ళుగానో దాచుకున్నది చెప్పాడు.

"గొర్రెల మెడలో గంటలు ఇనిపిస్తాండాయి మేడం. పోయి సూస్తే ఆడ గొర్రెలుండవు. రారా రారా అని పిలుస్తాండాయి. నాకు శానా భయమైతాంది."

గురురాజారావుకు పుస్తకాల జ్ఞానం తక్కువేమీ లేదు. లేని శబ్దాలు వినబడటం అంటే ఏమిటో, అది మాటలతో తగ్గేది కాదని, వెంటనే మానసిక వైద్యుడికి చూపించాలని ఆయనకు తెలుసు. ప్రొఫెసరమ్మ ఆయన వైపు తిరిగింది. వెనక కరస్పాండెంటు నిలబడి ఉన్నాడు. ఈయన ఇంగ్లీషులో చెప్పాడు, ఇక్కడికి వచ్చినప్పటి నుంచి చాలా నయంగా ఉందంటున్నాడు అని.

ప్రొఫెసరమ్మ సంతోషంగా నవ్వింది. సురేంద్ర భుజం తట్టి లేచింది.

మంచి గ్రేడే వచ్చింది. కాలేజీలో లడ్లు పంచారు. తిలాపాపం తలా పిడికెడన్నట్టు అందరం తిన్నాం. కుండీలు నర్సరీకి, పుస్తకాలు పులివెందులకు, సోఫా ఖైరున్నీసా మేడం ఇంటికి పోయాయి. గదిలో మళ్ళీ వాలీబాల్ నెట్లు, విరిగిన బెంచీలు చేరాయి. తలుపు మీద "కౌన్సెలింగ్ సెంటర్" అన్న బోర్డు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ఆ తర్వాతి సోమవారం సురేంద్ర జమ్మలమడుగు బస్సు దిగి వచ్చాడు. తాళం వేసిన గది ముందు, మెట్ల మీద, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. గురురాజారావు క్లాసుకు పోతూ చూసి ఆగిపోయాడు.

"పెద్ద డాక్టరమ్మ ఏమన్నాది సార్?" అని అడిగాడు సురేంద్ర.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "ఆమె డాక్టరు కాదప్పా, నేనూ కాదు, పా కడపకు పోదాం" అంటే అయిపోయేది. ఈయన "బాగైతాదన్నారప్పా" అన్నాడు. దానికి తోడు, "సోమవారం సోమవారం వస్తా ఉండు" అని కూడా అన్నాడు.

అట్లా ఏడాదికి పైగా నడిచింది. ప్రతి సోమవారం ఖాళీ క్లాసురూములో ఆ అబ్బాయి చెప్పేది ఈయన వినేవాడు. వినడమొక్కటే ఈయనకు చేతనైనది. మొదట్లో కొంచెం తేరుకున్నట్టే కనిపించాడట. తర్వాత గంటలు పగలు కూడా మోగడం మొదలుపెట్టాయి. గురురాజారావు సోమవారం వస్తుందంటే ఆదివారం నుంచే అన్నం సరిగా తినేవాడు కాదు. ఏమైంది సార్ అని నేనడిగితే గ్యాసు అనేవాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా.

నందిని రెండో ఏడు చివరికొచ్చింది. ముందు చదువు కోసం సెల్లులో వెతుక్కుంటే కౌన్సిల్ గుర్తించిన కోర్సుల వివరం కనిపించింది. మా కాలేజీ అందులో లేదు. ఆ పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది. అరవలేదు, ఏడవలేదు.

"సార్, మా కోర్సుకు గుర్తింపు లేదంట. నిజమేనా?"

"నిజమేమ్మా."

"మీకుందా సార్, లైసెన్సు?"

"లేదు."

"మా యన్నకు ఈ సంగతి తెలుసా?"

గురురాజారావు చూపు తిప్పుకున్నాడు. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆయన నాకు మొత్తం చెప్పాడు, సహజంగా ఉంటాదన్న మాటతో సహా. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చినప్పుడు పెద్దా చిన్నా చూడను.

"ఏం మనిషివి సార్ నువ్వు? గుడిలో పుట్టినావు, ఇంత చదివినావు. గంగులయ్య బిడ్డ జబ్బు పక్కన పెట్టి నీ సోఫా జూసుకున్యావా? పంపించేకి ఏమొచ్చింది నీకు కడపకు?"

"పంపిస్తే అక్కడ అడుగుతారు షాకీరూ, ఇన్నాళ్ళు ఏం చేసినారని. ఆ రోజు నేను చెప్పింది బయటపడుతుంది. మొదట సిగ్గుపడినాను. తర్వాత ఆలస్యమైపోయిందని భయపడినాను. ఆలస్యమయ్యేకొద్దీ భయం పెరిగింది."

ఆదివారం నా కారులో వాళ్ళ పల్లెకు పోయి, తల్లిదండ్రుల ముందు చెప్పి, అట్లాగే కడపకు తీసుకుపోదామని అనుకున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. ఆకులైనా దొరుకుతాయనుకున్నాం.

శుక్రవారం సురేంద్ర గొర్రెలను మిట్టకు తోలుకుపోయి, మందను అక్కడే వదిలేసి, గంటల వెంట నడిచిపోయాడు. గంగులయ్య ఊరంతా వెతికాడు. మర్నాడు పొద్దున గండికోట నుంచి ఫోను వచ్చింది. అక్కడ కోట లోపల సోడాలు అమ్మే నూర్ అహ్మద్ నాకు దూరపు చుట్టం. ఈ అబ్బాయి పెన్న లోయ అంచున బండ మీద కూర్చుని, ఇంకో అడుగు వేస్తే మంద దొరుకుతుందన్నట్టు కిందికి చూస్తున్నాడట. నూర్ అహ్మద్ వెనక నుంచి పోయి నడుం పట్టుకుని వెనక్కు లాగాడు. అబ్బాయి జేబులో చీటీ మీదున్న నందిని నంబరుకు ఫోను చేశాడు.

గంగులయ్య, ఆయన భార్య యల్లమ్మ, నందిని కలిసి సురేంద్రను తీసుకుని నేరుగా గురురాజారావు ఇంటికి వచ్చారు. ఆసుపత్రికి కాదు, ఈయన దగ్గరికే; నందిని అప్పటికి ఇంట్లో ఏమీ చెప్పలేకపోయింది. అరుగు మీద కూర్చుని గంగులయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నువ్వే జూడాల సార్. మాకు నువ్వు తప్ప డాక్టరెవురు ఎరుక?"

గురురాజారావు గడప దాటి బయటికి రాలేదు. నూర్ అహ్మద్ ఫోనుతో సంగతి తెలిసి ముందే అక్కడికి చేరిన నేను కారు తాళాలు తీసుకున్నాను. "ఎక్కండి, ముందు కడపకు పోదాం" అన్నాను. కారు కడప దారి పట్టింది. సురేంద్ర కిటికీలోంచి బయటికి చూస్తూ, ఉండి ఉండి చెవి ఒగ్గి వింటున్నాడు. నందిని అన్న చెయ్యి పట్టుకునే ఉంది. వెనక అద్దంలో నాకు గురురాజారావు మొహం కనిపిస్తూనే ఉంది. కోపం పోయి జాలేసింది. ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది.

కడప పెద్దాసుపత్రిలో మానసిక విభాగంలో ఒక కుర్ర డాక్టరు చూసింది. ఎక్కడో ఉత్తరాది నుంచి పీజీ చదవడానికి వచ్చిన పిల్ల. పుస్తకం తెలుగు కొంచెం వచ్చు, మా వైపు మాట అందలేదు. "ఎప్పటి నుంచి?" అని అడిగింది. "ఏడాది మీదైంది" అన్నాడు గంగులయ్య. "ఇన్నాళ్ళూ ఎవరికి చూపించారు?" అంది.

"ఈ సారుకే" అన్నాడు గంగులయ్య. ఆ చెప్పడంలో కొంచెం గొప్ప కూడా ఉంది. "సోమారం తప్పకుండా జూసినాడు."

డాక్టరు గౌరవంగా ఈయన వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది, మీరు క్లినికల్ సైకాలజిస్టా సార్, మీ రిజిస్ట్రేషన్ నంబరు చెప్తారా అని.

"కాదు, నంబరు లేదు. నేను కాలేజీలో పాఠం చెప్తాను" అన్నాడు గురురాజారావు. ఆమె మొహంలో మర్యాద అట్లాగే ఉంది కానీ కళ్ళు మారాయి. సరే, అతను చెప్పేది నాకు ఇంగ్లీషులో చెప్పండి, ఒక్క మాట కూడా మార్చకండి అంది.

సురేంద్ర మళ్ళీ అదే చెప్పాడు. గంటలు ఇనిపిస్తాండాయి, ఆడ గొర్రెలుండవు, రారా రారా అని పిలుస్తాండాయి, శానా భయమైతాంది. గురురాజారావు ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పాడు. చెప్పి ఆగలేదు. ఇది ఇతను మొదట నాకు చెప్పింది ఏడాది కిందట, నేను అప్పుడు వేరేవాళ్ళకు ఇతను బాగున్నాడని చెప్పాను అన్నాడు. డాక్టరు రాసుకోవడం ఆపి ఆయన్ను చూసింది. ముందే తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు అని మాత్రం అంది.

ఇంగ్లీషు తెలియని ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. నందిని తల ఎత్తలేదు.

"ఏం జెప్పినావు సార్?" అని అడిగాడు సురేంద్ర.

గురురాజారావు స్టూలు మీదినుంచి లేచి ఆ అబ్బాయి ఎదురుగా నిలబడ్డాడు. తెలుగులో చెప్పాడు, అందరికీ వినబడేట్టు.

"నేను డాక్టర్ను కాదప్పా. ఎప్పుడూ కాను. ఆ పొద్దు కాలేజీకి వచ్చిన మేడం కూడా డాక్టరు కాదు. నువ్వు చెప్పిన గంటల మాట నేను ఆమెకు చెప్పలేదు. నువ్వు బాగైనావని చెప్పినా."

సురేంద్ర ఆ రోజు ప్రొఫెసరమ్మ నవ్విన సంగతి ఒక్కటే అడిగాడు.

"అందుకేనా సార్ ఆయమ్మ నగినాది?"

"అందుకేనప్పా."

అప్పుడు యల్లమ్మ ముందుకు జరిగింది. కొంగుతో మొహం తుడుచుకుని, తిట్టినట్టు కాకుండా, ఊరికే చెబుతున్నట్టు అంది.

"రెండు తూర్లు అడిగితి సార్ వీన్ని, కడపకు పోదాం రారా అని. పెద్ద డాక్టరమ్మ నా మాట ఇని నగినాదిమా, నాకేమన్నా అయ్యింటే నగుతాదా అన్యాడు. నిజమే గదా అనుకొని గమ్మునుంటిమి."

గురురాజారావు స్టూలు మీద కూలబడి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. నేనూ ఓదార్చలేదు.

సురేంద్రకు మందులు పనిచేస్తున్నాయి. గంటలు పగలు మోగడం లేదు, పొద్దుగూకే వేళ ఎప్పుడన్నా దూరంగా వినబడతాయంటాడు. ఒంటరిగా మందను తోలుకుపోనివ్వడం లేదు, గంగులయ్య వెంట ఉంటాడు. నందిని ఎమ్మెస్సీ పట్టా తీసుకుని, గుర్తింపు ఉన్న చోట సీటు కోసం మొదటినుంచి చదువుతోంది. గురురాజారావు ఫోను చేస్తే ఎత్తదు.

ఈయన కొత్త బ్యాచి పిల్లలకు మొదటి రోజే చెప్పేస్తున్నాడు, ఈ కోర్సుకు లైసెన్సు రాదు, బోర్డు పెట్టుకోకండి అని. చెప్పిన ఏడే సీట్లు సగమయ్యాయి. కరస్పాండెంటు పిలిచి తిట్టాడు, వచ్చే ఏడు నీ సంగతి చూస్తానన్నాడు. పోనీలే సార్, మంచి పని చేస్తున్నావని నేనంటే, "మెచ్చుకోవద్దు షాకీరూ. ఇది రెండేళ్ళ కింద చెప్పాల్సింది" అన్నాడు. తాళం వేసిన ఆ గది తలుపు మీది బోర్డును ఒక రోజు స్టూలు వేసుకుని తనే పీకి పారేశాడు.

నెలనెలా సురేంద్రను కడపకు తీసుకుపోయేది ఆయనే. గంగులయ్య వద్దనలేదు, రమ్మననూ లేదు. ఆ కుర్ర డాక్టరుకు ఇప్పుడు మా వైపు మాట బాగానే అర్థమవుతుంది. అయినా డాక్టరు గది గడప దగ్గర ప్రతిసారీ సురేంద్ర ఆగి, ఈయన చెయ్యి పట్టుకుంటాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడుగుతాడు.

"సార్, ఈ తూరి నేను జెప్పింది జెప్పినట్టే జెప్తావు గదా?"